పూచీ పడ్డవాళ్ల నమ్మకాలు

కర్నూలు జిల్లాలో గుత్తి నుంచి పత్తికొండ వెళ్లే దారిలో, ఎర్రగుడి దగ్గర కొన్ని బండలున్నాయి. క్రీస్తుపూర్వం మూడో శతాబ్దంలో అశోకుడు వాటి మీద తన శాసనాలు చెక్కించాడు. తొమ్మిదో శాసనంలో ఆయన జనం చేసే తంతుల సంగతి ఎత్తాడు. జబ్బు చేసినప్పుడు, పిల్లల పెళ్లిళ్లప్పుడు, బిడ్డ పుట్టినప్పుడు, ప్రయాణం కట్టినప్పుడు జనం రకరకాల తంతులు చేస్తారని, ముఖ్యంగా ఆడవాళ్లు అల్పమైనవీ పనికిరానివీ చాలా చేస్తారని ఆ శాసనం సారాంశం. ఆడవాళ్ల మూఢనమ్మకాల గురించి తెలుగు నేల మీద రాతలో మిగిలిన మొదటి ఫిర్యాదు బహుశా ఇదే.

ఫిర్యాదును కాసేపు పక్కన పెట్టి, ఆయన చెప్పిన సందర్భాలను చూడండి. జబ్బు, పెళ్లి, పురుడు, ప్రయాణం. ఇంట్లో ఎవరో ఒకరి ప్రాణానికో, సంసారానికో గండం పొంచి ఉండే వేళలే అన్నీ. మొగుడు ప్రయాణం నుంచి క్షేమంగా తిరిగి రావాలన్నా, బిడ్డ బట్టకట్టాలన్నా, కూతురి కాపురం నిలబడాలన్నా ఆ పూచీ ఇల్లాలిదే. చెడు జరిగితే మాట పడేదీ ఆమే. చదువు, డబ్బు, వైద్యం, గడప దాటే స్వేచ్ఛ మాత్రం ఆమె చేతికి రాలేదు. పూచీ ఒకరి మీదా, ఉపాయం ఇంకొకరి దగ్గరా ఉన్నచోట నమ్మకాలు ఎలా పుట్టి పెరిగాయో, ఎక్కడ తగ్గాయో, మళ్లీ ఎక్కడ మొలకెత్తాయో చూస్తే, ఆడవాళ్ల అజ్ఞానం అనే మాట ఈ చరిత్రకు ఎంతమాత్రం సరిపోదని నా అభిప్రాయం.

శాతవాహన రాజు హాలుడి పేరుతో ప్రసిద్ధమైన ప్రాకృత సంకలనం గాథాసప్తశతిలో ఊరికి వెళ్లిన భర్త కోసం ఎదురుచూసే ఆడవాళ్లు చాలామంది కనిపిస్తారు. ఎడమ కన్ను అదిరితే అతను వస్తున్నాడని సంబరపడతారు. కాకి అరిస్తే కబురు తెచ్చిందనుకుంటారు. ఉత్తరం రాసే దారి లేదు, రాసినా చదివేవాళ్లు లేరు. కబురు అందని ఇంట్లో కాకి అరుపే కబురైంది. అంతకన్నా పాతదైన అథర్వవేదంలో సుఖప్రసవానికీ, గర్భం నిలవడానికీ మంత్రాలున్నాయి. అంటే ఈ భయాలను పండితులు కూడా మన్నించారు, వాటికి మంత్రాలు కట్టారు. వేదంలో ఉంటే మంత్రమనీ, వంటింట్లో ఉంటే మూఢనమ్మకమనీ విడదీయడం తర్వాతి కాలపు పని.

ఇక పురుటిగది. ఈ చరిత్రలో నన్ను ఎక్కువగా ఆపేది ఆ గదే. ఇంట్లో అన్నిటికన్నా చీకటిగా, గాలి ఆడకుండా ఉండే మూల ఒకటి బాలింతకు కేటాయించేవాళ్లు. గుమ్మానికి వేపమండలు కట్టేవాళ్లు. తలగడ కింద కత్తో, కొడవలో, ఏదో ఒక ఇనుపముక్క ఉండాల్సిందే. తల్లినీ బిడ్డనీ పదకొండు రోజులు ఒంటరిగా వదిలేవాళ్లు కాదు. చీకటి పడ్డాక బయటి మనిషి నేరుగా లోపలికి రాకూడదు, కాళ్లు కడుక్కుని కాసేపు ఆగి రావాలి. పుట్టిన నాలుగైదు రోజులు బాగానే పాలు తాగిన బిడ్డ, వారం తిరిగేసరికి దవడలు బిగిసి, పాలు పట్టక, ఒళ్లు విల్లులా వంగి చనిపోయేది. పక్షిదోషం అన్నారు, బాలగ్రహం అన్నారు. ఎవరో ముట్టుతో ఉండి గదిలోకి వచ్చారన్నారు. తల్లి సంధ్యవేళ వాకిట్లోకి వచ్చిందన్నారు.

బొడ్డు కోసింది కొడవలితో. గాయం మీద అద్దింది పిడకల బూడిద. ధనుర్వాతం కలిగించే సూక్ష్మజీవి పేడలోనూ మట్టిలోనూ ఉంటుందని ఆ గదిలో ఎవరికి తెలుసు? కళ్లెదుట చావు ఉంది, కారణం కనిపించదు. ఏమీ చేయకుండా కూర్చోవడం ఏ తల్లికీ సాధ్యం కాదు. చేతనైనదల్లా చేసింది. తప్పు ఎవరిదని అడిగినప్పుడు అందరి వేళ్లూ తనవైపే తిరిగేవి కాబట్టి, రెండో కాన్పుకు నియమాలు ఇంకా గట్టిగా పాటించింది.

వరసగా బిడ్డలు పోతున్న ఇళ్లలో పుట్టినవాళ్లకు పెంటయ్య, పెంటమ్మ, పుల్లయ్య, పుల్లమ్మ, పిచ్చయ్య అని పేర్లు పెట్టడం తెలుగుదేశమంతటా ఉంది. బిడ్డను పెంటకుప్ప మీదో, ఎంగిలి విస్తళ్ల మీదో కాసేపు పడుకోబెట్టి, ఎవరో పారేస్తే ఏరి తెచ్చుకున్నామని చెప్పి ఇంటికి తెచ్చుకునేవాళ్లు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ మీద మృత్యువుకూ కన్ను పడదని ఆశ. ఆ పేర్లున్న ముసలివాళ్లను చూసినప్పుడల్లా, వాళ్లకు ముందు పోయిన అన్నలూ అక్కలూ ఎందరో అనిపిస్తుంది. ఒక్కో పేరు వెనకా ఒక తల్లి ఎన్నిసార్లు కడుపుకోత పడిందో ఏ రికార్డులోనూ లేదు, ఆ పేరులోనే ఉంది.

మశూచి కథ కూడా ఇలాంటిదే, కాకపోతే అందులో దేవత ప్రవేశిస్తుంది. ఒంటి మీద పొక్కులు లేస్తే అమ్మవారు పోసిందనేవాళ్లు. కోస్తాలో, నెల్లూరు సీమలో పోలేరమ్మ, తెలంగాణలో పోచమ్మ. ఆ ఇంట్లో తాలింపు వేయకూడదు, మాంసం వండకూడదు, బయటివాళ్లు రాకూడదు, ఆలుమగలు కలవకూడదు. రోగిని వేపాకుల మీద పడుకోబెట్టి, మజ్జిగ పట్టాలి. ఇందులో కొంత మేలు చేసిందే. రోగిని వేరుగా ఉంచడం అంటువ్యాధికి సరైన పనే, చలవ చేసే ఆహారమూ మంచిదే. నష్టం జరిగింది మరోచోట. అమ్మవారు వచ్చిందంటే ఆ ఇంటి ఆడదాని మడిలోనో, మొక్కులోనో లోపం జరిగిందని తీర్పు చెప్పేశారు. పంతొమ్మిదో శతాబ్దంలో టీకాలు వచ్చాక, టీకాలవాళ్లు ఊళ్లోకి వస్తున్నారంటే పిల్లలను గాదె వెనక దాచిన తల్లులున్నారు. దేవతకు కోపం వస్తే ఆ పాపం ఎవరి మెడకు చుట్టుకుంటుందో వాళ్లకు బాగా తెలుసు.

మగవాడి ప్రయాణాన్ని ఆడదాని శరీరంతో కొలవడం మొదలైనప్పుడు ఈ కథ మరో మలుపు తిరిగింది. ముత్తైదువ ఎదురొస్తే శుభం. నిండుబిందెతో వస్తే మరీ శుభం. విధవ ఎదురొస్తే వెనక్కి వచ్చి కాసేపు కూర్చుని, మంచినీళ్లు తాగి బయలుదేరాలి. కొడుకు ఉద్యోగానికి బయలుదేరుతుంటే తలుపు చాటుకు తప్పుకున్న తల్లులు మన ఇళ్లలో నిన్నమొన్నటిదాకా ఉన్నారు. కన్నతల్లి చూపు కొడుక్కి చెరుపు చేస్తుందని ఆ తల్లి చేతే నమ్మించగలిగింది మన సమాజం. ఈ విషయంలో నాకు కోపం అణచుకోవడం సాధ్యం కాదు. బాల్యవివాహాలు నడిచిన కులాల్లో ఏడెనిమిదేళ్ల పిల్లకు పెళ్లి చేసి, ఆ మొగుడు ఏ కలరాకో పోతే, ఆ పిల్లే మొగుణ్ణి మింగిందన్నారు. కలరా నీళ్ల నుంచి వస్తుంది. నింద మాత్రం జాతకం మీదుగా ఆమె నుదుటికి చేరింది.

ఈ నియమాలు అన్ని కులాల్లో ఒకే రకంగా లేవు. మారుమనువు ఆచారం ఉన్న కులాల్లో, నాట్లకూ కోతలకూ వెళ్లే ఆడవాళ్లకు తలుపు చాటున కూర్చునే వీలే లేదు. వాళ్లకు విధవ శకునం బరువు అంతగా తగల్లేదు. కానీ ఇంకో రకం భారం వాళ్ల మీద పడింది. ఇంట్లో ఎవరికో జబ్బు చేస్తేనో, ఊరికి గత్తర వస్తేనో ఆడపిల్లను ఎల్లమ్మకో పోచమ్మకో ఇచ్చేస్తామని మొక్కుకునే జోగిని, బసివి ఆచారం దళిత, వెనకబడిన కులాల కుటుంబాల మీదే పడింది. మొక్కుకున్నది పెద్దవాళ్లు, తీర్చాల్సింది ఆ పిల్ల శరీరం. దేవత పేరు చెప్పి అనుభవించింది ఊళ్లో మోతుబరులు.

చదువు లేని, ఆస్తి లేని, గొంతెత్తే వీలు లేని ఆడదానికి ఈ నమ్మకాల లోకంలోనే అప్పుడప్పుడు కొంత చోటు దొరికిన మాట కూడా నిజం. పూనకాన్ని చూడండి. తెలంగాణలో శిగం ఊగడం అంటారు. జుట్టు విరబోసుకుని, నుదుట పసుపు దట్టించి, చేత వేపమండలు పట్టి ఊగుతున్న కోడలి ముందు అత్తామామా చేతులు కట్టుకుని నిలబడతారు. ఏం తల్లీ, ఏం తప్పు జరిగింది, ఏం కావాలి అని అడుగుతారు. ఆమె మామను ఒరే అంటుంది, మొగుడి తాగుడు సంగతి పదిమందిలో పెడుతుంది, తనకు రావాల్సిన చీర అడుగుతుంది. అన్నీ ఒప్పుకున్నాక, మీద చల్లిన పసుపునీళ్లతో పూనకం దిగుతుంది. తెల్లారితే మళ్లీ అంట్లు తోముకునే కోడలే. దీన్ని నటన అని కొట్టిపారేసేవాళ్లు ఆ ఊగుతున్న మనిషి కళ్లు చూసి ఉండరు. లోపల అణిగిన బాధ, స్పృహ తాత్కాలికంగా విడిపోయే స్థితిలో బయటపడుతుందని మానసిక వైద్యులు చెబుతారు. ఆ స్థితిలో పలికే మాటకు విలువ దక్కడానికి దేవత పేరు అవసరమైంది. సికింద్రాబాద్ ఉజ్జయిని మహంకాళి గుడిలో బోనాల మర్నాడు జరిగే రంగంలో, పచ్చికుండ మీద నిలబడి భవిష్యవాణి చెప్పేది ఒక స్త్రీ. ఆ మాటలు మంత్రులూ అధికారులూ నిలబడి వింటారు.

కృష్ణా తీరానికి దగ్గర్లో, మునేటి ఒడ్డున పెనుగంచిప్రోలు తిరుపతమ్మ గుడి ఉంది. అక్కడ చెప్పుకునే కథలో తిరుపతమ్మ కోడలిగా అత్తింట్లో పడరాని పాట్లు పడింది, జబ్బు పాలైంది, భర్త గోపయ్య పులి వాత పడ్డాక అగ్నిలో ప్రవేశించి పేరంటాలైంది. ఇలా అకాలంగా పోయిన ఆడవాళ్లు పేరంటాళ్లై కొలువులందుకోవడం కోస్తా జిల్లాల్లో ఊరూరా కనిపిస్తుంది. బతికున్నప్పుడు కష్టపెట్టినందుకు చచ్చాక భయపడటం ఈ కొలువుల వెనక ఉందని నేననుకుంటాను. కానీ అక్కడికి మొక్కుకోవడానికి వెళ్లే ఆడవాళ్లను చూస్తే ఇంకొకటి తోస్తుంది. అత్తింటి ఆరళ్లు తెలిసిన దేవతకు తమ గోడు ప్రత్యేకంగా వివరించనక్కర్లేదన్న ధీమాతో వాళ్లు వెళతారు.

నోముల సంగతీ అంతే. కథ చెప్పుకుని అక్షింతలు నెత్తిన వేసుకునే ఈ నోముల్లో చాలావాటికి ఒకే అల్లిక. ఒకామె నోము పట్టి, మధ్యలో ఉల్లంఘించింది, కష్టాలపాలైంది. తెలుసుకుని మళ్లీ నోచుకుంది, సుఖపడింది. వినే పిల్లకు చిన్నతనంలోనే బోధపడేదేమిటంటే, ఇంటికి ఏ ముప్పు వచ్చినా మూలం తన లోపంలోనే వెతకాలని. ఇది చాలా లోతుగా దిగిన పాఠం. అదే సమయంలో, అట్లతద్దినాడు తెల్లవారుజామునే లేచి చద్దన్నం తిని, వీధుల్లో ఆడుకుని, ఉయ్యాలలూగిన పిల్లల ఆనందాన్ని మూఢత్వం పద్దులో రాయలేను. ఇరుగింటికీ పొరుగింటికీ పేరంటానికి వెళ్లే సాకు అదొక్కటే ఉన్న కాలంలో, నోమంటే ఆడవాళ్లకు సావాసం, కబుర్లు, కాస్త గాలి.

ఈ కట్టుబాట్లను కాదన్నవాళ్లు ముందే లేకపోలేదు. వీరశైవులు పురుడు, మైల, ముట్టు వంటి సూతకాలను తోసిపుచ్చారు. పద్దెనిమిదో శతాబ్దంలో తరిగొండ వెంగమాంబ బాలవితంతువై కూడా శిరోముండనానికి ఒప్పుకోలేదు, వేంకటేశ్వరుణ్ణే భర్తగా భావించి కావ్యాలు రాసింది. వేమన శకునాలనూ తంతులనూ ఏకిపారేశాడు గానీ, ఆడవాళ్ల గురించి ఆయన పేరున చలామణీ అయ్యే పద్యాలు కొన్ని చదివితే ఆ విమర్శ వాళ్ల పక్షాన నిలబడి చేసింది కాదని తెలుస్తుంది.

పక్షం వహించి మాట్లాడింది పంతొమ్మిదో శతాబ్దమే. కందుకూరి వీరేశలింగం 1874లో వివేకవర్ధని పత్రిక పెట్టాడు, అదే ఏడు ధవళేశ్వరంలో బాలికల పాఠశాల తెరిచాడు. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో తొలి వితంతు వివాహం జరిపించాడు. 1883లో ఆడవాళ్ల కోసమే సతీహితబోధిని పత్రిక నడిపాడు. ఆయన రాజశేఖర చరిత్రములో రుక్మిణికి దయ్యం పట్టిందని భూతవైద్యుణ్ణి పిలిపించే ఘట్టం ఉంది. ఇల్లు ఎలా మోసపోతుందో అందులో పూసగుచ్చినట్టు చూపించాడు. గురజాడ కన్యాశుల్కం రెండో కూర్పులో పూజారి గవరయ్య దయ్యాలను సీసాలో బిగించే దృశ్యం ఉంది. అక్కడ భయపడి వణికిపోయేది లుబ్ధావధాన్లు. మూఢనమ్మకం మీద ఆడవాళ్లకేమీ గుత్తాధిపత్యం లేదని గురజాడకు బాగా తెలుసు. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు, లోకానికి కీడని జనం హడలిపోతుంటే, ఆయన ముత్యాల సరాల్లో దాన్ని సంస్కరణకు పతాకగా చూశాడు.

వీరేశలింగం మీద నాకు ఎనలేని గౌరవం. అయినా ఆ తరం రాతల్లో ఒక పంతులుగారి గదమాయింపు వినిపిస్తుంది. ఆడవాళ్లు తెలివితక్కువ నమ్మకాలు మానుకుని మంచి ఇల్లాళ్లు కావాలన్నది దాని సారం. పూచీ మళ్లీ ఆమెదే. దీనికి భిన్నంగా మాట్లాడినవాళ్లలో భండారు అచ్చమాంబ ఒకరు. 1901లో అబలా సచ్చరిత్ర రత్నమాల రాసి, ఆడవాళ్లు సహజంగా తెలివితక్కువవాళ్లన్న వాదానికి చరిత్రలోంచే జవాబు వెతికింది. 1902లో ఓరుగంటి సుందరీ రత్నమాంబతో కలిసి మచిలీపట్నంలో బృందావన స్త్రీ సమాజం స్థాపించింది. 1901 జనాభా లెక్కల్లో దేశమంతటా చదవడం, రాయడం వచ్చిన ఆడవాళ్లు నూటికి ఒక్కరు కూడా లేరు. అలాంటి రోజుల్లో ఆడవాళ్లు ఒకచోట చేరి మాట్లాడుకునే సమాజం పెట్టడం దయ్యాలను సీసాలో బిగించడం కన్నా పెద్ద సాహసం.

పుస్తకాలూ ఉపన్యాసాలూ ఎంత గట్టిగా చెప్పినా, బిడ్డలు పోతున్నంతకాలం తలగడ కింద ఇనుపముక్క ఉండనే ఉంది. దాన్ని అక్కడి నుంచి తీయించింది గర్భిణులకు వేసే ధనుర్వాతం టీకా, కొత్త బ్లేడు, ఆసుపత్రి కాన్పు. తల్లీబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా 2003లో దేశంలోనే మొదట గుర్తింపు పొందింది ఆంధ్రప్రదేశ్. 2001-03లో ఉమ్మడి రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకు 195గా ఉన్న మాతృమరణాలు, 2018-20 నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 45కు, తెలంగాణలో 43కు దిగాయి. పక్షిదోషం అనే మాట ఈ తరం తల్లుల్లో చాలామంది వినను కూడా లేదు. దాని మీద ఎవరూ పెద్దగా ఉద్యమం చేయలేదు. దానికి ఆధారమైన చావు పోయింది, నమ్మకమూ పోయింది. మశూచి కూడా 1975తో దేశం నుంచి వెళ్లిపోయింది. వెంకటగిరిలో పోలేరమ్మ జాతర ఈనాటికీ వైభవంగా జరుగుతుంది. కాకపోతే ఇప్పుడు అక్కడికి వెళ్లే తల్లి ముఖంలో ఆనాటి బెదురు లేదు.

గ్రహణం భయానికి మాత్రం ఈ సూత్రం అంత సులువుగా వర్తించలేదు. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం గుంటూరు మీదుగా వెళ్లింది. ఫ్రాన్స్ నుంచి వచ్చిన ఖగోళ శాస్త్రవేత్త జాన్సెన్ గుంటూరులో దుర్బిణీ బిగించుకుని సూర్యుడి అంచు నుంచి వచ్చే వెలుగును పరిశీలించాడు. ఆనాటి గ్రహణ పరిశీలనల్లో కనిపించిన పసుపుపచ్చ గీతే తర్వాత హీలియం అనే కొత్త మూలకంగా తేలింది. ఆ క్షణంలో అదే ఊళ్లో గర్భిణులు తలుపులు వేసుకుని, కదలకుండా, కత్తిపీట ముట్టకుండా వెల్లకిలా పడుకుని ఉండి ఉంటారు. బిడ్డకు మొర్రి వస్తుందన్న భయం. పెదవి చీలికకు వంశపారంపర్యం, పోషకాహార లోపం వంటి కారణాలుంటాయి, నీడకు దాంతో సంబంధం లేదు. 1980 ఫిబ్రవరి 16న మళ్లీ సంపూర్ణ గ్రహణం తెలుగునేల మీదుగా వెళ్లింది. హైదరాబాదు దగ్గర జపాల్-రంగాపూర్ అబ్జర్వేటరీలో శాస్త్రవేత్తలు పండగ చేసుకుంటుంటే, చాలా వీధులు కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీ అయ్యాయి. నూట పన్నెండేళ్లలో దుర్బిణులు మారాయి, గర్భిణి గది తలుపు తెరుచుకోలేదు.

ఎందుకు? ఈ నియమం పాటించడానికి ఖర్చేమీ లేదు. పాటించకపోతే, ఏదైనా లోపంతో బిడ్డ పుడితే, జీవితాంతం మాట పడాలి. ఆ మాట ముందు ఏ శాస్త్రవేత్త చెప్పిన సత్యమూ ఆమెకు అండగా నిలబడదు. అందుకే సరస్వతీ గోరా చేసిన పనిని నేను చాలా పెద్దదిగా లెక్కిస్తాను. గోరా నాస్తికుడిగా వాదించాడు. ఆయన భార్య, కడుపుతో ఉండి, గ్రహణం వేళ నియమాలన్నీ పక్కనబెట్టి మామూలుగా తిరిగింది. వాదంలో ఓడితే పరువు పోతుంది. ఆమె పందెంలో పెట్టింది కడుపులో బిడ్డను, తన మీద లోకానికున్న మంచి మాటను. 1940లో ముదునూరులో ఆ దంపతులు పెట్టిన నాస్తిక కేంద్రం విజయవాడకు మారాక కూడా గర్భిణులను గ్రహణం వేళ బయటికి తీసుకొచ్చే కార్యక్రమాలు నడిపింది. వాళ్ల కోడలు, గుర్రం జాషువా కూతురు హేమలతా లవణం, నిజామాబాదు జిల్లాలో జోగినుల మధ్య ఏళ్ల తరబడి పనిచేసింది. 1988లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆ ఆచారాన్ని నిషేధిస్తూ చట్టం తెచ్చింది. చట్టం కన్నా ముందు ఆ ఆడవాళ్లకు కావాల్సింది ఇల్లు, పని, పిల్లలకు బడి అని హేమలత గ్రహించి ఆ దిశగా పాటుపడింది.

ఇదే 1980లలో నమ్మకాల వ్యాపారం కొత్త రెక్కలు తొడుక్కుంది. చదువుకున్న ఆడవాళ్లు పెరిగారు, వాళ్ల చేతికి వారపత్రికలు వచ్చాయి. ఆ వారపత్రికల్లో చేతబడి, కాష్మోరా అనే క్షుద్రశక్తి పేరు చెప్పుకుని యండమూరి వీరేంద్రనాథ్ నవల తులసిదళం పాఠకులను ఊపేసింది. రంగనాయకమ్మ దాన్ని గంజాయి దమ్ముతో పోల్చి పుస్తకమే రాసింది. ఆ కోపం సబబే అని నా నమ్మకం. నవల చదివి ఒళ్లు జలదరించడం పట్నం మేడల్లో ఒక సరదా. అదే కాలంలో మెదక్ వంటి జిల్లాల పల్లెల్లో బాణామతి అనే చేతబడి చేశారన్న అనుమానంతో మనుషులను కట్టేసి కొట్టారు, పళ్లు ఊడగొట్టారు. బాణామతి సోకిందని వింత గొంతులతో అరిచినవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లే. దెబ్బలు తిన్నవాళ్లలో దిక్కూదివాణం లేని ముసలివాళ్లూ ఒంటరివాళ్లూ ఉన్నారు. విశాఖ, తూర్పుగోదావరి మన్యంలో ఇదే చిల్లంగి పేరుతో ప్రాణాలు తీసింది. వైద్యుడు రాని ఊళ్లో జ్వరానికి ఒక కారణం కావాలి, ఆ కారణానికి ఒక మనిషి కావాలి. కొట్టినా అడిగేవాళ్లు లేని మనిషి అయితే మరీ సుళువు.

సినిమా, ఉత్తరం, టీవీ కూడా తమ వంతు చేశాయి. 1975లో హిందీలో వచ్చిన జై సంతోషీ మా తర్వాత, శుక్రవారం పులుపు మానే వ్రతం మన ఇళ్లలోకీ వచ్చింది. ఈ ఉత్తరాన్ని ఇంతమందికి రాసి పంపకపోతే ఇంట్లో చావు తప్పదని బెదిరించే పోస్టుకార్డులు ఊళ్లు తిరిగాయి. దయ్యం ఇంట్లోకి రాకుండా తలుపుల మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసుకున్న రోజులూ ఉన్నాయి. ఇప్పుడా కార్డులు వాట్సాప్‌లోకి మారాయి. అమెరికాలో తెలుగువాళ్ల కోసం అక్కడి నగరాల వేళలకు గణించిన పంచాంగాలు వస్తున్నాయి, గ్రహణం వేళ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో ఉన్న గర్భిణికి ఊళ్లోని అత్తగారి ఫోను ముందే వెళుతుంది. మగవాళ్లేమీ తీసిపోలేదు. సినిమా ముహూర్తానికి కొబ్బరికాయ, కొత్త కారు చక్రం కింద నిమ్మకాయ, వాస్తు కోసం పడగొట్టే గోడలు వాళ్లవే. వాటిని మాత్రం పెద్దమనుషుల జాగ్రత్తగా చూసే అలవాటు మనకుంది.

ఆడపిల్లలు చదువుకుంటే ఇవన్నీ వాటంతటవే పోతాయని వందేళ్లుగా అనుకున్నాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1991లో నూటికి 33 మంది లోపే ఉన్న అక్షరాస్యులైన ఆడవాళ్లు, 2011కి 59 మందయ్యారు. చదువు చేసిన మేలును తక్కువ చేయను. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లే 1990ల మొదట్లో సారాను తరిమారు. అయినా చదువుకున్న ఇంట్లోనే ఇప్పుడు కొత్త తంతు ఒకటి వేళ్లూనుకుంది. ముహూర్తం చూసి కడుపు కోయించడం. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60 కాన్పులకు పైగా సిజేరియన్లే. దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో 42. అన్నిటికీ ముహూర్తమే కారణమని నేననడం లేదు. ఆసుపత్రుల రాబడి, నొప్పుల భయం, డాక్టర్ల తీరుబడి ఇందులో ఉన్నాయి. కానీ తిథి, నక్షత్రం, వేళ ఒక కాగితం మీద రాయించుకుని వచ్చే కుటుంబాలను చూడని ప్రసూతి వైద్యులు మన దగ్గర అరుదు. నెలలు నిండకముందే ముహూర్తం కుదిరిందని తొందరపడితే బిడ్డకు ఊపిరితిత్తుల ఇబ్బంది రావచ్చు, తల్లికి తర్వాతి కాన్పు కష్టం కావచ్చు.

పాత పురుటిగదిలో ప్రాణభయం ఉండేది. ఈ కొత్త తంతులో అది లేదు. బిడ్డ చదువు, ఉద్యోగం, అదృష్టం అన్నీ పుట్టుక ఘడియలోనే సరిచేయాలన్న ఆత్రం ఉంది, పక్కింటివాళ్ల బిడ్డకన్నా వెనకబడతామన్న బెంగ ఉంది. ఆ ఘడియ అటూఇటూ అయితే రేపు బిడ్డ పరీక్ష తప్పినప్పుడు మాట పడేది మళ్లీ తల్లే. ముహూర్తం పెట్టించేది చాలా ఇళ్లలో మామగారు. పెట్టేది పురోహితుడు. ఖరారయ్యాక ఆమెకు చెబుతారు.

తెలంగాణలో 2017 నుంచి ప్రభుత్వాసుపత్రుల కోసం నర్సులకు మిడ్‌వైఫరీలో ప్రత్యేక శిక్షణ ఇస్తున్నారు. ఈ మొత్తం చరిత్ర చూశాక నాకు ఎక్కువ ఆశ కలిగించేది అదే. నొప్పులు పడే మనిషి పక్కనే ఉండి, ఎంత దూరం వచ్చిందో, బిడ్డ గుండె ఎలా కొట్టుకుంటోందో ఎప్పటికప్పుడు చెప్పే మనిషి దొరకడం మన ఆడవాళ్లకు కొత్త. ఆ మనిషి మాట కాన్పు గదికి పరిమితం కాకూడదు. ఆరో నెల పరీక్షకు కోడలితో పాటు అత్తగారినీ మామగారినీ కూర్చోబెట్టి, నొప్పులు ఎప్పుడు రావాలో బిడ్డే తేల్చుకుంటుందనీ, ముందే కోస్తే ఏమవుతుందనీ వివరంగా చెప్పాలి. బిడ్డకు ఏదైనా లోపం ఉంటే అది తల్లి తప్పు కాదని ఆ ఇంటి మగవాళ్ల ఎదుటే, వాళ్లకు అర్థమయ్యేలా చెప్పాలి. గ్రహణం రోజున తలుపు తీసి బయటికి రావడానికి ఆమెకు కావాల్సిన అండ అక్కడే మొదలవుతుంది.